పైది మనది, కిందది వాళ్ళది

సీలేరు,
16 జూలై 2023, ఆదివారం

మా రమణికి,

ఈరోజు అయిన పనులు: దుప్పట్లు కుంపటి సెగన ఆరబెట్టడం. ఆవకాయ జాడీ తిరగదీసి పైన నూనె పోయడం. మీ బావగారి చొక్కాల కాలర్లకు పట్టిన బూజు దులపడం. పాట పెట్టె తుడిచి గుడ్డ కప్పడం. కాని పనులు: మినప్పప్పు ఎండబెట్టడం (వాన), పాలవాడి లెక్క చూడటం (అతనే రాలేదు, వాన).

పాట పెట్టె, అదే వైఫై స్పీకరు, ఎలా తగిలించావక్కా, మేమూ కొన్నాం, మాకు చెప్పు అని ఫోన్లో అడిగావు. నోటితో చెప్పి రెండుసార్లు మాట ముక్కలు (వాయిస్ మెసేజీలు) పంపాను. రెండుసార్లూ 'బుర్రకెక్కలేదు' అన్నావు. అందుకే ఇలా రాస్తున్నాను. మాట గాలికి పోతుంది, కాగితమైతే పక్కన పెట్టుకుని చూసుకుంటూ చేయవచ్చు.

ముందు మీ ఇంట్లో ఇంటర్నెట్టు రూటర్ ఎక్కడుందో చూసి, పెట్టెను అదే గదిలో పెట్టు. ప్లగ్గులో పెడితే పసుపు దీపం మిణుకుతుంది. నీ ఫోన్లో దాని యాప్ తెరిస్తే ఏ వైఫైకి కలపాలి అని అడుగుతుంది. మా రూటర్‌కు రెండు పేర్లున్నాయి, ఒకదాని చివర 5 అంకె ఉంది. మీదీ అంతే కావచ్చు. ఆ అయిదున్నది ఎంచుకోకు. పెట్టెకు అది కనబడదు, నేను ఒక పూటంతా దానితోనే పోయాను. అంకె లేని పేరు నొక్కి పాస్‌వర్డ్ కొట్టు. పెద్దక్షరం పెద్దదిగానే కొట్టాలి. దీపం తెల్లబడి నిలిచిందంటే కలిసినట్టు. అప్పుడు యాప్‌లో 'ఫోన్ శబ్దం అంతా' అనే మీట నొక్కితే, ఫోన్లో ఏది మోగినా పెట్టెలోంచే వస్తుంది.

మా దగ్గర ఇంకొక సంగతి ఉంది, నీకు అవసరపడకపోవచ్చు. మా సుమ విశాఖపట్నంలో ఈ పెట్టె కొన్నప్పుడు దానితో మరొకటి ఉచితంగా ఇచ్చారు. ఆ రెండోది పక్క క్వార్టరు గంగకు ఇచ్చాను. నీకు తెలుసుగా, ఇక్కడి ఆస్పత్రిలో నర్సు. వాళ్ళాయన ఫల్గుణ పవర్‌హౌస్‌లో మీ బావగారి కింద ఆపరేటరు. రెండిళ్ళకూ గోడ ఒకటే కనుక మా ఇంటర్నెట్టునే వాళ్ళూ వాడుకుంటారు. వాళ్ళ పెట్టెనూ నేనే తగిలించి వచ్చాను. ఇప్పుడు నా ఫోన్లో రెండు పెట్టెలూ ఒకే పేరుతో, ఒకదాని కింద ఒకటి కనిపిస్తాయి. పేర్లు మార్చుకోవచ్చట. అవసరం లేదనిపించింది. మాది పధ్నాలుగో నంబరు, వాళ్ళది పదిహేను. పైది మనది, కిందది వాళ్ళది.

ఒక్క చిక్కు వచ్చింది. శుక్రవారం మధ్యాహ్నం నీకు పంపిన మాట ముక్క సరిగా పడిందో లేదో విందామని పై పేరు ఎంచుకుని నొక్కాను. పెట్టె పలకలేదు. శబ్దం పూర్తిగా పెంచి మళ్ళీ నొక్కాను. మూడోసారి కూడా లేదు. అంతకు ముందే కరెంటు పోయి వచ్చింది. (కరెంటు పుట్టే ఊళ్ళోనే కరెంటు పోతుంది, నవ్వకు.) పెట్టె కాలిపోయిందనుకున్నాను. సాయంత్రం మళ్ళీ పోయి వచ్చాక దానంతటదే బాగైంది. మీకూ అలా అయితే కంగారుపడి షాపుకు తీసుకెళ్ళకు.

పిల్లల దగ్గుకు మిరియాల కషాయం పట్టు.

మీ అక్క
రత్నాలు

*

కొయ్యూరు,
21 జూలై 2023

అక్కా,

నీ ఉత్తరం చూసి మా ఆయన, 'మీ అక్క రాస్తే ప్రభుత్వం వారి ఉత్తర్వులా ఉంటుంది, కింద ఒక ముద్ర ఉంటే చాలు' అన్నారు. ఉత్తరానికి ఉత్తరమే బదులు కదా అని నేనూ కలం పట్టాను. అక్షరాలు కోడి గీకినట్టు ఉంటే సర్దుకో.

నీ మాట ముక్క విని నవ్వలేక కడుపు పట్టుకున్నాను. గంగ వాళ్ళమ్మ ఊరి నుంచి వచ్చి, నేలలోంచి మొలిచే లేత వెదురు కొమ్ముల కూర చేసి నీకు గిన్నెలో పంపడం, నువ్వు 'అబ్బ, ఎంత బాగుందో' అని అందుకోవడం, ఆమె అటు తిరగగానే వెనక గుమ్మంలోంచి కుక్కకు పెట్టేయడం! ఎనిమిదేళ్ళుగా ఆ ఇంటి నుంచి ఏది వచ్చినా ఇదే పనా? పైగా ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదని అందులో పంచదార పోసి పంపుతావా? 'ఆళ్ళ తిండి మన గొంతు దిగదే రమణీ, కుక్కే తినాల. అది తిని తిని బలిసి సర్పంచిలాగయింది' అన్నావు చూడు, అక్కడ మా ఆయనకు కూడా రెండుసార్లు వినిపించాను. నువ్వు ఇంత హాస్యగత్తెవని పెళ్ళిలో ఎవరూ చెప్పలేదాయనకు.

మా పెట్టె కలవలేదు. నువ్వు చెప్పినట్టే కాగితం పక్కన పెట్టుకున్నాను. మా రూటర్‌కు ఒకటే పేరు, దాని చివర 5 లేదు, 7 ఉంది. అంకె ఉన్నది వద్దన్నావు కదా అని నొక్కలేదు. పసుపు దీపం మిణుకుతూనే ఉంది. దీపావళి దాకా అలాగే ఉంచుతాను.

నీ
రమణి

*

సీలేరు,
27 జూలై 2023, గురువారం

రమణికి,

ఒకటే పేరుంటే చివర ఏడున్నా ఎనిమిదున్నా అదే నొక్కాలి. నేను చెప్పింది రెండు పేర్లున్న వాళ్ళకు. ఇంగితం వాడు.

గంగ సంగతి ఏదో తేడాగా ఉంది. పది రోజులుగా గోడ దగ్గరకు రావడం లేదు. ఆస్పత్రి నుంచి వస్తూ గేటు దగ్గర నిలబడి కబుర్లు చెప్పే మనిషి, తల వంచుకుని వెళ్ళిపోతోంది. నిన్న నేనే పిలిచాను. "పనుంది మేడం" అంది. ఎనిమిదేళ్ళలో నన్ను అక్కా అనడమే గాని మేడం అనడం విన్నది లేదు.

కారణం ఇదని నా అనుమానం. నెలనెలా పాస్‌వర్డ్ మార్చడం నాకు అలవాటు. కొత్తది చీటీ మీద రాసి గంగకు ఇస్తాను. ఈసారి మార్చాను గాని చీటీ ఇవ్వడం మరిచిపోయాను. రెండు రోజులు వాళ్ళింట్లో నెట్టు లేదు, పెట్టె పలకలేదు. తర్వాత ఫల్గుణ వచ్చి అడిగి తీసుకెళ్ళాడు. కావాలని చేశానని ఆమె మనసులో పడి ఉంటుంది. ఒకరి సొమ్ము ఉచితంగా వాడుకునేటప్పుడు ఆ మాత్రం ఓర్పు ఉండాలి. నేను తప్పు చేయలేదని అనను, మరుపు మరుపే. దానికి ఇంత బిగువా?

అదీ కాదు అనుకోవడానికి ఇంకొకటి జరిగింది. కోపమే ఉంటే ఇది జరగకూడదు. సోమవారం ఫల్గుణ ఒక బుట్ట తెచ్చి గుమ్మంలో దించాడు. నిండా లేత వెదురు కొమ్ములు, పైన టేకాకులు కప్పి. "మా అత్త పంపినాది. మీకోసమేనట" అన్నాడు. ఆగలేదు, మంచినీళ్ళు అడగలేదు, నా మొహం చూడలేదు. వీళ్ళమ్మ అంత ప్రేమగా బుట్ట పంపుతుంటే కూతురికి ఈ ముడుచుకోవడం ఏమిటో నాకు తెలియడం లేదు. పచ్చి కొమ్ములు కుక్క ముట్టదు కనుక పాలవాడికి ఇచ్చి గేదెకు పెట్టించాను. బుట్ట కడిగి, అందులో అరటిపళ్ళు పెట్టి తిరిగి పంపాను. అవి పుచ్చుకున్నారు.

నీకు తోచింది రాయి. లోకం తీరు నాకన్నా నీకు తెలుసు.

మీ అక్క

*

కొయ్యూరు,
1 ఆగస్టు 2023

అక్కా,

ఏడు నొక్కాను. దీపం తెల్లబడింది! ఇంట్లో పాటలే పాటలు. మా ఆయన స్నానాల గదిలో కూర్చుని ఫోన్లోంచి పాటలు మారుస్తున్నారు, హాల్లో నేను ఉలిక్కిపడుతున్నాను.

గంగ సంగతి. నువ్వు మరీ మెత్తన. మా అత్తగారు అద్దెకున్నవాళ్ళు మొహం ముడుచుకుంటే నీళ్ళ మోటారు ఆపేసేది. మర్నాటి పొద్దునకు బిందె పట్టుకుని నవ్వుతూ వచ్చేవాళ్ళు. నువ్వూ మళ్ళీ పాస్‌వర్డ్ మార్చు, ఈసారి చీటీ ఇవ్వకు. తనే వస్తుంది. వచ్చాక కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి, ఏమిటి నీ కోపం అని అడుగు. మనసులో పెట్టుకుని కుళ్ళేకంటే ఎదురుగా తేల్చుకోవడం మేలు.

బుట్ట గేదెకా! కుక్క అలిగిందేమో చూసుకో.

రమణి

*

సీలేరు,
7 ఆగస్టు 2023, సోమవారం

రమణీ,

నువ్వు చెప్పినట్టే చేశాను. నీ మీద నెట్టడానికి రాయడం లేదు. చేసింది నేను.

గురువారం పాస్‌వర్డ్ మార్చాను. శనివారం సాయంత్రం గంగ వచ్చింది. ఆస్పత్రి కోటు మీదే ఉంది, భుజాలు తడిసి ఉన్నాయి. కుర్చీ చూపించాను. కూర్చోలేదు. "సీటీ ఇవ్వండి మేడం. పిల్లల టీకాల లెక్కలు ఎక్కించాల. నిన్నే ఎక్కించాల్సింది" అంది.

నేను కాఫీ కలిపి తెచ్చాను. "అదేటి గంగా, మేడమేటి? పాస్‌వర్డ్ చీటీ ఒకసారి మర్చిపోయానని ఇంత కోపమా?" అన్నాను.

"పాసువర్డా!" అంది. నవ్వింది గాని అది నవ్వు కాదు. "మేడం, ఆ సుక్కురారం మా ఇంట్లో మీరు పలికినారు."

నాకు అర్థం కాలేదు. ఆమె చెబుతూ పోయింది. ఆ మాటలు ఆమె చెప్పినట్టే రాస్తున్నాను, మార్చి రాయడానికి నాకు హక్కు లేదు.

"కరెంటు వచ్చినాది. అన్నాలకి కూకున్నాం. మా యమ్మ పాట పెట్టి పక్కనే కూకున్నాది. పెట్టి ఒక్కపాలి మీ గొంతుతో పలికినాది. రమణమ్మగారితో ఏటో సరసం అనుకున్నాం. రెండోపాలికి ఇల్లదిరిపోనాది. నేను పొయ్యి కాడి నుంచి వచ్చీసినాను. మూడోపాలికి మా ఆయన కంచం కాడి నుంచి లేసిపోనాడు. కుక్కే తినాలంట. సర్పంచిలాగ బలిసినాదంట."

నేనప్పుడు అన్న మాట తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. "మరి ఆపలేకపోయావా?" అన్నాను. తప్పు ఆమెది అయినట్టు.

"మీ ఫోన్లో నొక్కితే మా పెట్టిలో పలికినాది, ఎక్కడ నొక్కి ఆపాలో నాకేటి తెలుసు? తీగ పీకీసినాను."

కాఫీ గ్లాసు ఇద్దరి మధ్యా బల్ల మీద ఉంది. దాని మీద మీగడ కట్టడం చూస్తూ కూర్చున్నాను. క్షమించమని అడగాలని తెలుసు. ముందు వేరే సంగతి అడిగాను. "మీ అమ్మగారు... విన్నారా?"

"ఇన్నాది. దానికి తెలుగు సరిగ్గా రాదు కదా, మా ఒడియా మాటే. మీ గొంతు పోల్సినాది. 'నీ అక్క ఏటంతంది?' అని అడిగినాది. నేనేటి సెప్పాల? 'నీ కూర సానా బాగుందంట, ఇంకా కావాలంట' అని సెప్పీసినాను. ముసల్ది మురిసిపోనాది. ఇంజినీరమ్మ నా కూర అడిగినాదని ఊరంతా సెప్పుకున్నాది. వానలో కొండెక్కి కొమ్ములు ఇరుసుకొచ్చినాది. మడవలో వెదురు మోడు దిగి మూడు కుట్లు పడ్డాయి. నేనే ఏసినాను."

ఆ బుట్ట ఎక్కడికి వెళ్ళిందో నీకు తెలుసు, నాకు తెలుసు. ఆమెకు చెప్పాలని నోరు తెరిచాను. రాలేదు.

గంగ అంది: "బుద్దెరిగినాక మా యమ్మ కాడ నేను అబద్దం ఆడలేదు మేడం. మీకోసం ఆడినాను. మీ పరువు కోసం కాదు, దాని మొగం సూడలేక. అయినా అది మీ బాకీయే. సీటీ ఇవ్వండి."

ఇచ్చాను. నా చేతి రాత వంకరగా వచ్చిందని, అక్షరం అక్షరం అడిగి సరిచూసుకుని వెళ్ళింది.

సుమకు ఫోన్ చేసి అడిగాను. కరెంటు పోయి వచ్చినప్పుడు ఏ పెట్టె ముందు తేరుకుంటే దాని పేరు పైకి ఎక్కుతుందట. క్వార్టరు నంబర్లతో దానికి సంబంధం లేదు. "పేర్లు మార్చుకోమ్మా అని మొదటిరోజే చెప్పాను కదా" అంది. సరుకుల డబ్బాల మీద కూడా చీటీలు అంటించే నేను, ఆ ఒక్కటీ అవసరం లేదనుకున్నాను. పైది మనది అని రాసి నీకు కూడా నేర్పాను.

ఇకమీదట నీకు మాట ముక్కలు పంపను. రాసేదేదైనా ఉంటే ఇలాగే. రాసేటప్పుడైనా చెయ్యి ఆగి ఆలోచిస్తుంది.

రత్నాలు

*

కొయ్యూరు,
12 ఆగస్టు 2023

అక్కా,

నీ ఉత్తరం చదివాను. నీ మాట ముక్కలన్నీ ఫోన్లోంచి తీసేశాను. మా ఆయన ఎవరికైనా పంపారేమోనని ఆయన ఫోనూ వెతికాను. వాళ్ళ ఆఫీసు గుంపులో పెట్టబోయి మానుకున్నారట.

కాని అక్కా, నువ్వు మరీ కుంగిపోకు. ఇంట్లో అక్కచెల్లెళ్ళు ఏవో అనుకుంటారు. లోకంలో ఎవరు అనుకోరు? గోడకు చెవులుంటాయని తెలుసు గాని నోళ్ళు కూడా ఉంటాయని ఎవరనుకున్నారు? ముసలావిడకు తెలియలేదు, అదే మన అదృష్టం. ఆ అబద్ధాన్ని అలాగే ఉండనీ, దాని వల్ల ఎవరికీ నష్టం లేదు.

గంగకు నా తరఫున ఒక మంచి వెంకటగిరి చీర బస్సులో పంపాను. నీ పేరు చెప్పలేదు, నా పేరే రాశాను. నవ్వింది నేను కూడా కదా. ఆడది చీరకు కరగకపోతే దేనికి కరుగుతుంది?

నీ
రమణి

*

సీలేరు,
19 ఆగస్టు 2023, శనివారం

రమణీ,

చీర వెనక్కు వచ్చింది. గంగ తేలేదు. ఫల్గుణ పవర్‌హౌస్‌లో, షిఫ్టు మారేటప్పుడు నలుగురిలో మీ బావగారి బల్ల మీద పెట్టి, "మా ఆడది ఇది కట్టుకోదు సార్" అని వెళ్ళిపోయాడట. ఆ విధంగా ఈ సంగతి ఆయనకు తెలిసింది. అంతవరకు నేను చెప్పలేదు.

ఆయన ఇంటికి వచ్చి చీర సోఫా మీద పెట్టి, చాలాసేపు బూట్లు విప్పుకున్నారు. ఏమిటిదని అడిగితే అంతా చెప్పాను. అప్పుడు అన్నారు: "ఏటే, ఎనిమిదేళ్ళు కుక్కకి పెట్టీసేవా? మరి నాకు పెట్టొచ్చు కదా. నేను తిందును." అంతే. తిట్టి ఉంటే బాగుండేది. వాళ్ళ తిండి ఆయనకు పడదని ఎనిమిదేళ్ళూ నేనే అనుకున్నాను, ఒక్కసారీ అడగలేదు.

చీర పంపేముందు నన్ను ఒక్కమాట అడగాల్సింది. నీ మీద కోపం లేదు. నువ్వు చేసిందే నేనూ చేసి ఉండేదాన్ని. ఖాళీ గిన్నెలో పంచదార పోసిన చెయ్యే కదా ఇది.

నిన్న నేనే వాళ్ళింటికి వెళ్ళాను. లోపలికి రమ్మనలేదు, వద్దనలేదు. గుమ్మంలో నిలబడే "నన్నేం చేయమంటావు గంగా" అని అడిగాను. "వచ్చే నెల కొర్ర కొత్త పండగ. మా ఊరు రండి. మా యమ్మ ఎదురుగా కూకోండి. ఏటి సెప్తారో మీ ఇష్టం. నేను మాత్రం ఇంకోపాలి అబద్దం ఆడను. అడిగితే తప్పించుకోవడానికి ఊరెళ్ళడమే మానీసినాను" అంది. కొత్త కొర్ర ధాన్యం దేవుడికి పెట్టి తినే పండుగ అది. అప్పటిదాకా ఆమె తన తల్లిని చూడటానికి వెళ్ళదన్నమాట. ఆ అబద్ధం వల్ల నష్టం లేదన్నావే, ఇదిగో.

ఇంటికి వచ్చి మొదట చేసిన పని: రెండు పెట్టెలకూ వేరే పేర్లు పెట్టడం. వాళ్ళ పెట్టె పేరు నేను పెట్టకూడదని ఫల్గుణను పిలిచి అతని చేతే కొట్టించాను. ఇప్పుడు చేసి ఏం లాభం అని నాకూ తెలుసు.

ఊరు వెళ్ళి ఆవిడ పెట్టింది తిని, బాగుందని చెప్పి, అబద్ధాన్ని నిజం చేయాలా? ఉన్నది ఉన్నట్టు చెప్పేయాలా? రెంటిలో ఏది చేసినా తలెత్తుకోలేను.

అక్క

*

కొయ్యూరు,
24 ఆగస్టు 2023

అక్కా,

చీర విషయం నన్ను క్షమించు.

ఒక్కమాట రాస్తాను, విను. చెప్పకు. నీ గుండె తేలిక చేసుకోవడానికి ఆ బరువు తీసి ముసలావిడ గుండె మీద పెడతావా? ఆవిడ మురిసిపోయింది, మురిసిపోనీ. వెళ్ళు, కూర్చో, కళ్ళు మూసుకుని తిను, 'బాగుంది' అను. గంగ ఆడినది అప్పుడు అబద్ధం కాకుండా పోతుంది. అర విస్తరి తినగలవు. కాన్పు నొప్పులు ఓర్చుకున్నావు, కూర ఓర్చుకోలేవా?

వెళ్ళొచ్చి రాయి. రాసేదాకా నా ప్రాణం నీ దగ్గరే ఉంటుంది.

రమణి

*

సీలేరు,
26 సెప్టెంబరు 2023, మంగళవారం

రమణికి,

ఆదివారం వెళ్ళి వచ్చాం. నేను, గంగ, ఫల్గుణ. మీ బావగారికి డ్యూటీ. గూడెం కొత్తవీధి దాటాక జీపు దిగి కాఫీ తోటల గుండా నడవాలి. దారంతా గంగ ముందు నడిచింది. మాట్లాడలేదు గాని, జారే చోట ఆగి వెనక్కు చూసేది.

నీ మాట ప్రకారమే చేద్దామని వెళ్ళాను. అది ముందు చెబుతున్నాను.

గంగ వాళ్ళమ్మ పేరు బుద్రి. ఇన్నేళ్ళలో నేను ఆ పేరు అడగలేదు. బక్కపలచని మనిషి, నోట్లో చుట్ట. నన్ను చూడగానే చుట్ట తీసి పక్కన పెట్టింది. ఇంటి అరుగు మీద ఆడవాళ్ళు పదిమంది దాకా ఉన్నారు, అందరికీ నేను తెలుసు. నేనెవరో కాదు, కూర అడిగిన ఇంజినీరమ్మను. నన్ను మధ్యలో కూర్చోబెట్టి అడ్డాకు విస్తరి వేసి కొర్రన్నం, వెదురు కొమ్ముల కూర పెట్టింది ఆవిడ. అందరూ నా నోటికేసి చూస్తున్నారు.

తిన్నాను. అద్భుతంగా ఉందని రాస్తే నువ్వు నమ్మేస్తావు, కాని అలా లేదు. ఆ పులుపు వాసన నాకు ఇప్పటికీ పడలేదు. అయినా నాలుగు ముద్దలు తిని తల ఊపాను. 'బాగుంది' అన్నాను. ఆ ఒక్క తెలుగు ముక్క అందరికీ అర్థమైనట్టుంది, ఆడవాళ్ళంతా ఒక్కసారి గలగలమన్నారు. అక్కడితో అయిపోయి ఉంటే నీ లెక్క సరిపోయేదే.

ఆవిడ గబగబా ఏదో చెప్పింది. గంగ నేల చూస్తూ తెలుగులో చెప్పింది: "ఎండబెట్టిన కొమ్ములు రెండు బుట్టలు దాసినాదంట మీకోసం. వానలున్నన్నాళ్ళూ వారం వారం కొండెక్కి పచ్చివి కూడా పంపుతాదంట. కాలు మానిపోనాదంట, మీరు బెంగపడొద్దంట." ఆవిడ చీర కొంచెం పైకి లాగి నాకు మడమ చూపించింది. కుట్ల మచ్చ ఇంకా ఎర్రగా ఉంది. చిన్నపిల్ల గాజులు చూపించినట్టు చూపించింది రమణీ.

నేను బాగుందన్న ప్రతిసారీ ఈ మనిషి కొండెక్కుతుంది. ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"గంగా, నేను చెప్పింది చెప్పినట్టు మీ అమ్మకి చెప్పు" అన్నాను. చెప్పాను. ఎనిమిదేళ్ళుగా మీ ఇంటి కూర ఒక్కనాడూ తినలేదని. నోటితో బాగుందని, చేత్తో కుక్కకు పెట్టానని. పెట్టెలో పలికింది అదేనని. గంగ ఒక్కొక్క మాటా తిప్పి చెబుతోంది. నాకు ఆ భాష రాదు, ఆమె ఏం చెబుతోందో నాకు తెలియదు. కాని అరుగు మీద గలగల ఆగిపోయింది. దాన్ని బట్టి తెలిసింది, ఉన్నదున్నట్టే చెబుతోందని.

"మొన్న పంపిన బుట్ట పాలవాడి గేదెకి పెట్టించాను" అన్నాను.

గంగ తిప్పి చెప్పలేదు. నాకేసి తిరిగింది. "గేదికా?" అంది. ఇది ఆమెకు తెలియదు కదా. "ఆ బుట్టా?" అంది మళ్ళీ. నేను తల వంచాను. ఆమె తల్లి వైపు తిరిగి, గొంతు తగ్గించి అది కూడా చెప్పింది.

ఆవిడ చుట్ట తీసి ముట్టించుకుంది. రెండు దమ్ములు లాగింది. ఏదో అడిగింది.

గంగ అంది: "కుక్క తిన్నాదా అని అడుగుతంది."

"తింది" అన్నాను.

"మొత్తమా?"

"గిన్నె కూడా నాకింది."

ఆవిడ పొగ వదిలి ఒక్క ముక్క అంది. అరుగంతా విరగబడి నవ్వింది. ఒకామె నవ్వలేక స్తంభం పట్టుకుంది. గంగ పెదవి బిగబట్టి నాకు చెప్పలేదు. గుమ్మం బయట నిలబడ్డ ఫల్గుణ చెప్పాడు, నెల రోజుల తర్వాత నాతో అతను ఆడిన మొదటి మాట అదే. "కుక్కకున్న నాలిక ఇంజినీరమ్మకి లేదంట."

నవ్వు ఆగాక ఆవిడ లేచింది. నా విస్తరి లాగేసుకుంది. దాన్ని విసిరేస్తుందనుకున్నాను. తన ముందు పెట్టుకుని, నేను వదిలేసిన కూరను తనే తినేసింది. తర్వాత నాకు ఇంకో ఆకు వేయించి, కొర్రన్నం, ఉప్పు, ఒక పచ్చిమిరపకాయ పెట్టింది. అంతే. పండగ పూట అందరి విస్తళ్ళలోనూ కూరా మాంసమూ ఉన్నాయి, నా ఆకులో ఉప్పూ మిరపకాయ. నన్ను చూసి వచ్చినవాళ్ళంతా అడగడం, వాళ్ళకు మొదటి నుంచి కథ చెప్పడం, మళ్ళీ నవ్వు. చెవులు కాలిపోతూ మెతుకు మిగల్చకుండా తిన్నాను. తినేదాకా ఆవిడ నా పక్క నుంచి కదలలేదు. కోపమో, దయో నాకు అంతుపట్టలేదు. వచ్చేటప్పుడు బుట్ట ఇవ్వలేదు. మడమ చూపించిన సంబరం మాత్రం ఆ మొహంలో మళ్ళీ కనబడలేదు. నువ్వు అన్నది అందులో నిజమే, బరువు కొంత ఆవిడ మీద పెట్టే వచ్చాను.

గంగ రాత్రికి అక్కడే ఉండిపోయింది, తల్లి పక్కన పడుకుంటానని. కొండ దిగే దాకా ఫల్గుణ నాకు తోడు వచ్చాడు.

నిన్న సాయంత్రం ఆస్పత్రి నుంచి వస్తూ గేటు దగ్గర ఆగింది గంగ. అక్కా అనలేదు. మేడం అనలేదు. "ఈ నెల పాసువర్డు మార్సీసినారా?" అంది.

"ఇక మార్చను" అన్నాను.

"మార్సండి. మార్సకపోతే ఎవులో దొంగతనంగా వాడీస్తారు" అంది. రెండడుగులు వేసి ఆగింది. "గేది సంగతి సీటీకొచ్చిన ఆ పూటే సెప్పుంటే నేనే మా యమ్మని ఆపుదును" అని, వెళ్ళిపోయింది.

నువ్వు అడుగుతావని పద్దు రాసి ఉంచుతున్నాను. గేదెది వేరే పద్దు. అది ఇంకా నా పేరనే ఉంది, ఎలా తీరుతుందో తెలియదు. నాకోసం గంగ తన తల్లి దగ్గర ఆడిన అబద్ధం ఒకటి: ఆదివారం, వాళ్ళ అరుగు మీద, పదిమంది ఎదుట తిరిగి తీసుకున్నాను. ఆ బాకీ చెల్లు.

రత్నాలు